సిరా మన అడవి కాయదే, కలమే మన చేతిలో లేదు

నారుమడిలో వరి ఆకు తెల్లగా పాలిపోతే మనం అన్నభేది కొడతాం. దాంట్లో కాస్త నిమ్మ ఉప్పు కలుపుతాం. ఇనుము లోపానికి అది మందు, ఇందులో తెలియని సంగతి ఏం లేదు. ఈసారి కొట్టేటప్పుడు ఒక చెంచా అన్నభేది పక్కన పెట్టుకోండి. నాలుగు కరక్కాయలు నలగ్గొట్టి, నీళ్ళలో కాచి, వడగట్టి, ఆ కషాయంలో ఈ చెంచాడు వెయ్యండి. గోధుమ రంగు కషాయం చూస్తుండగానే కాటుకలాగా నల్లబడిపోతది. అదే సిరా. పిల్లల ఆటకు చేసే సిరా కాదు. దస్తావేజులు, ప్రోనోట్లు, సర్కారు రిజిస్టర్లు రాసిన సిరాల్లో పెద్ద పీట ఈ జాతి సిరాదే.

పోస్టు పొడుగ్గానే ఉంటది. కరెంటు ఎప్పుడొస్తదా అని మోటారు కాడ కూర్చున్నప్పుడు చదువుకోండి.

నల్లరంగు ఎట్లా పుడుతదో మన ఇంట్లో ఆడవాళ్ళకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఇనుప కత్తిపీట మీద మామిడికాయ కోస్తే కత్తి నల్లబడుతది. పచ్చి అరటికాయ కోస్తే చేతులు, కత్తి రెండూ నల్లబడతయి. ఉసిరికాయ ఇనుప మూకుట్లో వేస్తే ఇక చెప్పేదే లేదు. నోట్లో వేసుకుంటే నాలుక పిడచగట్టే ఆ వగరు ఉంది చూడండి, దాన్నే టానిన్ అంటారు. ఆ వగరుకు ఇనుము తగిలితే నలుపు. కరక్కాయలో ఆ వగరు మిగతా కాయలకంటే చాలా ఎక్కువ. అన్నభేది అంటే నీళ్ళలో కరిగే ఇనుము. రెండూ కలిస్తే ఏం జరగాలో అదే జరుగుతది.

ఐరోపాలో ఈ పనికి మాచికాయ వాడారు. మాచికాయ నిజానికి కాయ కాదు. సింధూర జాతి చెట్టు కొమ్మకు ఒక చిన్న కందిరీగ గుచ్చి గుడ్డు పెడితే, ఆ చోట చెట్టు ఉబ్బి కట్టే గడ్డ అది. ఆయుర్వేదం షాపులో ఇప్పటికీ దొరుకుతది. మనకు ఆ తిప్పలు లేవు, కరక్కాయ చెట్టుకే కాస్తది. పాల్వంచ, అశ్వాపురం, చర్ల, దుమ్ముగూడెం ఎటు పోయినా అడవిలో కరక చెట్టు ఉంటది. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో కోయవాళ్ళు, కొండరెడ్లు రాలిన కాయ ఏరి, ఎండబెట్టి సంతకు తెస్తారు. గిరిజన కార్పొరేషన్ కొనే సరుకుల్లో చింతపండు, ఇప్పపువ్వు, తపసి జిగురు, ముసిడి గింజ, చిల్లగింజల పక్కన కరక్కాయ కూడా ఉంటది. మనం దాన్ని దగ్గు మందు అనుకుంటాం గాని, బ్రిటిష్ కాలంలో ఓడలెక్కి పోయిన కరక్కాయ పోయింది తోళ్ళ కార్ఖానాలకు. తోలు ఊనడానికీ, బట్టకు రంగు పట్టడానికీ, సిరా నల్లబడడానికీ పనికొచ్చే గుణం ఒక్కటే, ఆ వగరు.

చేసే పద్ధతి చెప్తాను, ఎవరైనా చేసుకోవచ్చు. గింజ తీసేసిన కరక్కాయ పెచ్చు 100 గ్రాములు నలగ్గొట్టి, ముప్పావు లీటరు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాలి. పొద్దున మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో సన్న సెగ మీద కాచాలి. ఇనుప గిన్నె వద్దు, నలుపు ముందే దిగుతది, కొలత తెలియదు. సగానికి దిగినంక బట్టలో వడగట్టాలి. చల్లారినంక అన్నభేది 40 గ్రాములు వేసి కలపాలి. తుమ్మ జిగురు 20 గ్రాములు వేడినీళ్ళలో కరగబెట్టి పోయాలి. జిగురు లేకపోతే సిరా కాగితం మీద పాకిపోతది, మట్టి అడుగున పేరుకుపోతది. సీసాలో పోసి రెండు మూడు రోజులు ఉంచితే ఇంకా చిక్కగా వస్తది. నాలుగు లవంగాలు పడేస్తే బూజు తొందరగా పట్టదు. అన్నభేది దొరక్కపోతే తుప్పు మేకులు పులిసిన గంజిలో వారం నానబెట్టిన నీళ్ళు పోసినా పని అయితది, కాకపోతే రంగు కొంచెం పలచన. రాయడానికి వెదురు పుల్ల చెక్కుకోండి. ఇంకు పెన్నులో మాత్రం పొయ్యకండి, లోపల గడ్డకట్టి పెన్ను పాడైతది. అన్నభేది పిల్లలకు అందకుండా పెట్టండి, కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు.

ఈ సిరాకు ఒక విచిత్రం ఉంది. రాసేటప్పుడు పలచగా, బూడిద రంగులో ఉంటది. గాలి తగిలిన కొద్దీ, తెల్లారేసరికి నల్లగా బిగుసుకుంటది. కాగితం పైన పూసినట్టు కాదు, కాగితం పోగుల్లోకి దిగి అక్కడ నల్లబడుతది. అందుకే గోకినా పోదు, నీళ్ళు పడ్డా పోదు. కొన్నప్పుడు సీసాలోనే నల్లబడకుండా ఉండాలని కంపెనీవాళ్ళు అందులో కాస్త ఆమ్లం కలిపేవాళ్ళు. మనం అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలిపేది కూడా ఇనుము పాడైపోకుండా నిలవాలనే. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ రాత నలుపు నుంచి తుప్పు రంగుకు తిరుగుతది. ఇనుము గదా, ఎక్కడికి పోతది! పులుపు ఎక్కువైతే అక్షరం ఉన్నచోట కాగితమే చిల్లులు పడుతది. పాత రిజిస్టర్లలో చెదలు తిన్నట్టు అక్షరాల ఆకారంలో చిల్లులు కనిపిస్తే అది చెద పని కాదు, సిరా పని.

కరక్కాయ సిరాకంటే పాతది మసి. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి, తుమ్మ జిగురు, నీళ్ళు. అంతే. సంస్కృతంలో సిరాను మషి అంటారు, మన మసి కూడా ఆ మాటే. కాగితం రాకముందు తాటాకు మీద గంటంతో గీసేవాళ్ళు. గీసినప్పుడు ఆకు మీద అక్షరం కనపడదు. నూనెలోనో పసరులోనో కలిపిన మసి రుద్ది తుడిస్తే, మసి గీతల్లో నిలిచి అక్షరం తేలుతది. ఊరి కరణాలు లెక్కలు రాసుకున్న కవిలెకట్టలు అట్లాంటివే. 1800 తర్వాత మెకంజీ దొర మనుషులు ఊరూరూ తిరిగి కైఫీయతులు రాయించినప్పుడు, చాలా ఊళ్ళ చరిత్ర వాళ్ళకు దొరికింది ఆ కవిలెల్లోనే. మసికి చావు లేదు. ఎండకు పోదు, వానకు పోదు. తాటాకును చెద తింటే తప్ప అక్షరం చెరగదు.

నల్లజీడి సంగతి కూడా చెప్పాలి. మన అడవి గింజే. చాకలివాళ్ళు ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి దాని రసంతో గుర్తు పెట్టేవాళ్ళు, పైన సున్నం తగిలిస్తే ఇక బండకేసి బాదినా పోదు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తయి, సరదాకి కూడా ముట్టుకోకండి. బచ్చలి పండ్ల రసంతో పిల్లలు రాసుకునే ఊదా సిరా మాత్రం వారం ఎండకు వెలిసిపోతది.

ఇక అసలు సంగతికి వస్తాను. కాయ మనది, జిగురు మనది, మసి మన దీపానిది. మరి రాసిందెవరు?

మన భద్రాచలంలోనే ఒక రసీదు కథ ఉంది గదా. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ జైల్లో పడ్డాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు కట్టి ఆయన్ని విడిపించారని కథ. ఆ కథలో నాకు నచ్చేది ఏంటంటే, దేవుడైనా సరే డబ్బు కట్టి ఊరుకోలేదు, తానీషా చేత రసీదు రాయించుకున్నాడు. ఆ కథ కట్టినవాళ్ళకు దివాణం సంగతి బాగా తెలుసు. చెల్లు రాయించుకోకపోతే కట్టిన అప్పు కూడా బాకీగానే ఉంటది.

రాయించుకోవడం తెలియని వాళ్ళకు ఏం జరిగిందో 1879 నాటి లెక్కల్లో ఉంది. గోదావరి ఎడమ గట్టు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళకు పోయింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గోదావరి జిల్లాలో కలిపి మద్రాసు కిందకు తెచ్చారు. 1879 మార్చిలో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది, జులై నాటికి రేకపల్లికి పాకింది. రేకపల్లి అంటే 2014లో ఆంధ్రలో కలిపిన వి.ఆర్.పురం మండలం వైపు. కారణాలు చాలా ఉన్నయి. రంపలో మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురుపన్ను, రేకపల్లిలో పోడు మీద పెంచిన పన్ను. వాటితోపాటు ఇంకొకటి సర్కారు వాళ్ళే రాసుకున్నారు. కింద నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్ళతో అన్యాయపు ఒప్పంద కాగితాలు రాయించుకున్నారు. ఆ కాగితాలు పట్టుకుని సివిల్ కోర్టుకు పోయారు. కొండ మీద మనిషికి కోర్టు ఎక్కడుందో తెలియదు, కాబట్టి అతను లేకుండానే డిక్రీ. డిక్రీ చేతిలో పట్టుకుని గొడ్డూ గింజా జప్తు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు ఎత్తుకుపోయారనే ఫిర్యాదు కూడా అందులో ఉంది.

కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక సీసా సిరా, ఒక కాగితం. ఆ సిరాలో కలిసిన వగరు ఏ అడవి నుంచి వచ్చిందో అని ఆలోచిస్తే మనసు ఒక రకంగా అయితది.

1917లో మద్రాసు సర్కారు ఏజెన్సీకి వేరే చట్టం తెచ్చింది. కొండ జాతులవాళ్ళ భూమి బయటివాళ్ళకు ఏజెంటు అనుమతి లేకుండా రాసిస్తే చెల్లదు. వడ్డీకి హద్దు పెట్టారు, మొత్తం వడ్డీ అసలును మించకూడదన్నారు. చట్టం మంచిదే. కానీ 1940ల మొదట్లో కొండరెడ్ల ఊళ్ళలో తిరిగిన హైమెండార్ఫ్ దొర 1945లో అచ్చయిన పుస్తకంలో కలప వ్యాపారుల బాకీల్లో వాళ్ళు ఎట్లా చిక్కుకున్నారో రాశాడు. లెక్క పుస్తకం వ్యాపారి దగ్గర ఉంటది, అందులో ఏముందో చదివే మనిషి ఇవతల లేడు.

గోదావరికి ఈ గట్టున, బూర్గంపాడు, పాల్వంచ వైపు, నిజాం రాజ్యం. పై దివాణం భాష మొదట పారశీకం, 1880ల నుంచి ఉర్దూ. మన ఊళ్ళలో భూమి ఉన్న రైతుకు కూడా తన పహాణీలో ఏముందో పట్వారీ చదివి చెప్తేనే తెలిసేది. ఆయన చెప్పిందే రాత. ఆ గట్టున అడంగల్, ఈ గట్టున పహాణీ, పేర్లు వేరు గాని రైతు బతుకు రెండు గట్లనా ఒకటే. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసేదాకా ఇట్లా రెండు రకాల కాగితాలు నడిచినయి. ఇప్పటికీ మన దగ్గర పాత రికార్డు వెతకాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న, నీ భూమి ఏ గట్టున ఉంది అని.

సంతకం రానివాళ్ళకు వేలిముద్ర. దీని పుట్టుక కూడా ఇంట్లో చేసిన సిరాతోనే జరిగింది. 1858 జులైలో బెంగాల్‌లో హుగ్లీ నది ఎగువన విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకున్నాడు. రేపు ఈ మనిషి నా సంతకం కాదంటే ఎట్లా అని అనుమానం వచ్చింది. ఆఫీసు ముద్రకు వాడే, అక్కడే తయారుచేసుకున్న నూనె సిరా అతని అరచేతికంతా పూసి, ఒప్పందం వెనకవైపు ఒత్తించాడు. నూనెలో కలిపిన మసి సిరా త్వరగా పాకదు, అందుకే గీతలు విడివిడిగా పడతయి. భయపెట్టడానికి చేసిన పని అది. తర్వాత 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజులకూ పింఛన్లకూ వేలిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయమే పెట్టారు. ఆ తర్వాత దేశమంతా మన బొటనవేలు సిరా గుడ్డ మీద పడింది. చదువు రాని మనిషి వేసిన నిశానీ, అది తనదే అని రుజువు చేస్తది. పైన రాసిన మాటలు తనవే అని మాత్రం చెయ్యదు. ఈ తేడా అర్థం కాక పోయిన భూములు మన రెండు గట్లనా ఉన్నయి.

స్వతంత్రం వచ్చినంక 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. తెలంగాణ ఏజెన్సీకి అది 1963 డిసెంబర్ 1 నుంచి అమలు. 1970 ఫిబ్రవరి 3న మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే సవరణ వచ్చింది. తేదీలు ఎందుకు చెప్తున్నానంటే, ఏజెన్సీలో కాగితం విలువంతా తేదీలోనే ఉంటది. నిబంధన రాకముందే కొన్నాం అని చూపించాలంటే కాగితం పాతదిగా కనపడాలి. మసి పూసి మారేడుకాయ చెయ్యడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. టీ నీళ్ళలో ముంచి, పొగలో పెట్టి కాగితాన్ని ముసలిదాన్ని చేసేవాళ్ళు ఉన్నారు. కానీ సిరాను ముసలిదాన్ని చెయ్యడం అంత తేలిక కాదు. పాత ఇనుప సిరా అంచుల్లో తుప్పు రంగు తిరిగి, కాగితం వెనక్కి కూడా దిగి ఉంటది. బాల్ పెన్ను రాత అట్లా ఉండదు, గీత మధ్యలో నొక్కు కనిపిస్తది, అక్కడక్కడా జిడ్డు చుక్క పడుతది. బాల్ పెన్ను అమెరికా అంగట్లోకి వచ్చిందే 1945 అక్టోబర్‌లో. మన పల్లెలకు చేరేసరికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. కాబట్టి 1940 అని తేదీ వేసిన కాగితం మీద బాల్ పెన్ను రాత ఉందంటే దాని కథ అక్కడితో అయిపోయినట్టే. ప్రభుత్వ ల్యాబుల్లో సిరా పరీక్షలు చేస్తారు. మీకు కాగితం మీద అనుమానం ఉంటే ఆ సంగతి లాయరును అడగండి, మీరే తడి గుడ్డ పెట్టి రుద్ది చూడకండి. సాక్ష్యం పాడైతది.

మన బళ్ళలో వాడిన నీలం సిరా వేరే రకం. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే కుర్రవాడు తారు నుంచి రంగు తీసినంక, రంగులన్నీ కార్ఖానాల్లోనే పుట్టడం మొదలైంది. నీలిమందు పంట దెబ్బతిన్నదీ ఆ దారిలోనే. రంగు నీళ్ళలో కలిపితే సిరా, అంతే, అందులో ఇనుమూ లేదు మసీ లేదు. స్వదేశీ రోజుల్లో గాంధీజీ మాట పట్టుకుని రాజమండ్రిలో కె.వి. రత్నం పెన్నులు చేస్తే, 1934లో బెంగాల్‌లో సులేఖా సిరా పుట్టింది. రత్నం పంపిన పెన్ను బాగుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఓటుకు వేలి మీద పెట్టే సిరా ఇంకో జాతి. 1962 ఎన్నికల నుంచి మైసూరు కార్ఖానాలో చేస్తున్నారు, అందులో ఉండేది వెండి ఉప్పు, వెలుతురు తగిలి చర్మంలోనే నల్లబడుతది.

రంగు నీళ్ళ సిరా గురించి ఎందుకు చెప్పానంటే గోదారి గురించి చెప్పాలి కాబట్టి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. వరద దిగినంక తడిసిన ట్రంకు పెట్టెలు తెరిస్తే, ఏ కాగితం బతికింది ఏది పోయింది అనేది పూర్తిగా సిరాను బట్టే ఉంటది. మసి రాత, ఇనుప సిరా రాత, అచ్చు అక్షరం నిలుస్తయి. బాల్ పెన్ను నూనె సిరా కాబట్టి చాలావరకు నిలుస్తది. నీలం ఇంకు పెన్ను రాత కొట్టుకుపోతది. మామూలు జెల్ పెన్ను రాత, ఇంకు ప్రింటరు మీద తీసిన కాగితం కూడా నీళ్ళలో చెదిరిపోతయి. జిరాక్సు మాత్రం గట్టిది. జిరాక్సు పొడి ఏంటో తెలుసా? మసి. ప్లాస్టిక్ పొడిలో కలిపిన మసిని వేడితో కాగితానికి కరిగించి అంటిస్తారు. ఆముదం దీపం మసే మళ్ళీ మన పాస్ పుస్తకం కాపీ మీదికి వచ్చింది.

అన్నిటికంటే బలహీనమైనది ఇప్పుడు మన జేబులో ఉన్న చీటీ. ఎరువుల షాపు మిషన్ స్లిప్పు, ఏటీఎం చీటీ, బస్సు టికెట్, ఇవేవీ సిరాతో రాసినవి కావు. కాగితానికే పూత ఉంటది, వేడి తగిలినచోట నల్లబడుతది. రేకుల ఇంట్లో మే నెల ఎండకు, మందు డబ్బాల పక్కన, పర్సులో చెమటకు అది ఏడాది తిరక్కుండానే తెల్లకాగితం అయితది. కల్తీ విత్తనమో మందో అని ఫిర్యాదు పెట్టేసరికి చేతిలో ఉత్త చీటీ మిగులుతది. లామినేషన్ చేయిద్దాం అనుకోకండి, ఆ మిషన్ వేడికి చీటీ మొత్తం నల్లగా మాడిపోతది. తెచ్చిన రోజే జిరాక్సు తీయించి, షాపువాళ్ళ చేత బాల్ పెన్నుతో సంతకం, ముద్ర వేయించుకోండి. వీలైతే బిల్లు పుస్తకంలో రాసిన బిల్లే అడగండి, అడిగితే ఇవ్వాల్సిందే.

మీ ఇంట్లో తాతల నాటి కాగితాలు ఉంటే ఒకసారి తీసి వెలుతురులో చూడండి. ఫోటో మాత్రం ఇక్కడ పెట్టకండి, పేర్లూ సర్వే నంబర్లూ ఉంటయి. రాత నల్లగా ఉందా, తుప్పు రంగులో ఉందా, నీలంగా ఉందా, వెనక్కి దిగిందా లేదా, ఆ సంగతి రాస్తే చాలు. చర్ల వైపు ఎవరైనా ఉంటే, ఈ ఏడు సంతలో కరక్కాయ కిలో ఎంత పలికిందో కూడా చెప్పండి.